ఒకటో నంబరుకు పైన

మా ముత్తాత కోరుట్లకు ఉత్తరాన మూడు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత కాలానికి దేశ్‌ముఖీ పోయింది కానీ దొర అనే మాట పోలేదు. పొలం గెట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పంపకమైనా, ఆయన కచేరీలో కూర్చుని చెప్పిందే తీర్పు. మా బాపు ఒకసారి సర్పంచిగా గెలిచాడు, మరుసటిసారి ఓడిపోయాడు. ఓడిన రోజు నుంచి పోయేదాకా ఊరి నడివీధిలో నడవలేదు. పొలానికి వెనక దర్వాజా నుంచి వెళ్ళి, వెనక దర్వాజా నుంచే వచ్చేవాడు. ఆయనకు నేను ఒక్కదాన్నే బిడ్డను. ఆ ఇంటికి మిగిలిన మనిషిని నేనే.

మా ఇంటికి ఒక పద్ధతి ఉండేది. ఊరికి బడి కావాలని అర్జీ రాసినా, దేవుని కల్యాణానికి చందా జాబితా తయారు చేసినా, ఆ కాగితం మా కచేరీకి వచ్చేది. రాసేవాడు ఒకటి, రెండు అని నంబర్లు వేసి పేర్లు మొదలుపెట్టే ముందు, కాగితం పైభాగాన రెండు వేళ్ళ మందం ఖాళీ వదిలేవాడు. అక్కడ నంబరు ఉండేది కాదు. అది మా ఇంటి జాగా. మా తాత అందరికన్నా చివర సంతకం పెట్టినా, అందరికన్నా పైన పెట్టేవాడు. ఆ తర్వాత మా బాపు కూడా. దాన్ని ఊళ్ళోవాళ్ళు మర్యాద అనుకున్నారో, భయం అనుకున్నారో నేను ఎవరినీ అడగలేదు. చిన్నప్పుడు నేను ఆ బల్ల పక్కనే నిలబడి సిరా బుడ్డి అందించేదాన్ని. పేరు రాయడమంటే అలాగే రాయాలని నా చేతికి అప్పుడే తెలిసింది.

ఆ బల్ల టేకుది. ఇద్దరు మనుషులు అటూ ఇటూ పడుకునేంత వెడల్పు. మా గడి, అంటే దొరల కాలం నాటి మా పెద్ద ఇల్లు, బాపు ఉండగానే చేతులు మారింది. తలుపులు ఒకరికి, దూలాలు ఒకరికి, స్తంభాలు ఒకరికి పోయాయి. కచేరీ బల్ల ఒక్కటే నాతో కోరుట్లకు వచ్చింది. మా ఇంటి గుమ్మంలో పట్టక, కిటికీ చట్రం విప్పి లోపలికి తెచ్చారు.

నేను చీరల అంచులు గీస్తాను. సిరిసిల్లలో మరమగ్గాల మీద నేసే చీరలకు. మగ్గం నెత్తిన జకార్డ్ అనే పెట్టె ఉంటుంది. ఏ పోగు పైకి లేవాలో, ఏ పోగు కిందనే ఉండాలో మగ్గానికి చెప్పేది అదే. ఒకప్పుడు దానికి చిల్లులు పొడిచిన అట్టల దండ వేసేవాళ్ళు. నేను గళ్ళ కాగితం మీద గడికొక పోగు చొప్పున గీసి ఇస్తే, ఆ గళ్ళను చూసి అట్టలకు చిల్లులు పొడిచేవాళ్ళు. తర్వాత కంప్యూటర్ మీద గీయడం నేర్చుకున్నాను. నేర్పింది మా ఆయన. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఇల్లరికం వచ్చిన మనిషి. ఆ మాట ఇంకెవరైనా అనేలోపు ఆయనే అనేస్తారు.

సిరిసిల్లలో నాకు పని ఇచ్చే ఆయన ఒక ఆసామి. సొంత మగ్గాలు పెట్టుకుని పదిమందికి పని ఇచ్చేవాణ్ణి అక్కడ అలా అంటారు. అరవై దాటిన మనిషి. వాళ్ళ తాత మా గడికి ధోవతులు నేసి తెచ్చేవాడట. అందుకని ఈయన నన్ను ఇప్పటికీ దొరసాని అంటాడు. నేను ఆయన్ను నువ్వు అంటాను. ఇద్దరికీ అలవాటే.

ఆ వానాకాలం ఆయన కొత్త మగ్గం తెప్పించుకున్నాడు. దాని జకార్డ్‌కు అట్టలు అక్కర్లేదు, ఫైలు చాలు. నన్ను రమ్మని, మగ్గం పక్కన నిలబెట్టి చెప్పాడు.

"దొరసాని, కొంగు నుంచి కుచ్చిళ్ళ దాంక ఒక్కటే తీగ పారాలె. ఎక్కడ గూడ మల్ల మొదటికి రావద్దు. ముక్కలు ముక్కలు జేసి జోడిస్తే అతుకు కనవడ్తది."

"గంత పెద్ద బొమ్మ నా కంప్యూటర్ మొయ్యది."

"మోసేది తెచ్చుకోండ్రి మరి. దసరా దాంక ఆగుత. అప్పటికి మీ దగ్గర మిషన్ ఉంటే పని మీదే, ఇంట్లనే కూసోని గీసుకోండ్రి. లేకుంటే నేను ఇంకో తొవ్వ చూసుకోవాలె."

ఆయన చెప్పిన ఇంకో తొవ్వ రెండు రకాలు. పనిని సూరత్‌కు పంపడం ఒకటి. కార్ఖానాలోనే మిషన్ పెట్టి, దాని ముందు ఒకరిని కూర్చోబెట్టడం రెండోది. సిరిసిల్లలో అలా కూర్చుని గీసేవాళ్ళు ఉన్నారు. పొద్దున వచ్చి, సంతకం పెట్టి, సాయంత్రం పోతారు. నేను మాత్రం నా గదిలో, నా బల్ల ముందు కూర్చుని పని చేస్తున్నాను. ఒకరి కప్పు కింద కూర్చునే మనిషిని కాను అన్నది ఒక్కటే నాకు మిగిలిందని అప్పట్లో అనుకునేదాన్ని. మిషన్ వస్తే అదొక్కటీ నిలుస్తుందని నా ఆశ.

నా పాత కంప్యూటర్‌లో చీర మొత్తం ఒకే ఫైలుగా తెరిస్తే తెర తెల్లబడిపోయేది. ఒక ఆకు కదిపి, వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగి వస్తే అప్పటికి ఆ ఆకు కదిలి ఉండేది. మా ఆయన అది చూసి, "నీ కంటె నీ కంప్యూటరే పెద్ద దొర. పిలిస్తే పలుకది" అనేవారు.

కొత్త వర్క్‌స్టేషన్ ఒకటి వస్తోందని చెప్పిందీ ఆయనే. మామూలు కంప్యూటర్ కాదు, పెద్ద పెద్ద బొమ్మల పని చేసేవాళ్ళకోసం చేసిన మిషన్. దాన్ని విడుదల చేసే రోజు మధ్యాహ్నం అన్నం తిని, ఇద్దరం ఫోన్‌ను నీళ్ళ చెంబుకు ఆనించి చూశాం. పెద్ద వేదిక, చీకటి, మధ్యలో ఒక నల్ల పెట్టె మీద వెలుగు. ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే జనం చప్పట్లు కొడుతున్నారు.

"పెండ్లిచూపులకు పిల్లను దెచ్చినట్టు దెచ్చిన్రు" అన్నారు ఆయన.

"పిల్ల ఎట్లుంది?"

"నల్లగుంది. గని సంసారం మోస్తదట."

ఒకచోట ఒక చెట్టు బొమ్మ చూపించారు. లెక్కలేనన్ని ఆకులు. మాట్లాడే మనిషి వేలితో దాన్ని గిర్రున తిప్పాడు. ఆకులు ఎక్కడా ఆగలేదు. మిగతాదంతా నాకు పట్టలేదు. ఆ ఆకులు ఆగకపోవడం మాత్రం చూశాను. డబ్బు ముందే సర్దుకున్నాం కనుక, ఇక అది దొరకడమే తరువాయి.

మరుసటి రోజు జగిత్యాలకు పోయాం. కొత్త బస్టాండు దారిలో కంప్యూటర్లు అమ్మే ఒక దుకాణం ఉంది. దాని ఓనరు ముప్పైఅయిదేళ్ళవాడు, మాట మెత్తన. చెవికి ఫోన్ ఆనించుకుని ఎవరితోనో మాట్లాడుతూనే మాకు కుర్చీలు చూపించాడు. సంగతి చెప్పాను.

"మేడమ్, మొదటి లాట్‌ల ఎన్నస్తయో నాకే తెల్వది. బుక్కుల పేరు రాసి పోండ్రి. నంబరు ప్రకారం ఇచ్చుడు. ముందు రాసినోళ్ళకు ముందు."

పొడుగాటి నోటుబుక్కు నా ముందుకు జరిపి, మళ్ళీ ఫోన్‌లో పడ్డాడు. పైన శ్రీ అని ఉంది. కింద ఒకటి నుంచి నాలుగు దాకా పేర్లు ఉన్నాయి. జగిత్యాలలో ఫోటో స్టూడియో, ఇళ్ళకు ప్లాన్లు గీసే ఇంజనీరు, పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే అతను, ఫ్లెక్సీలు ముద్రించే అతను. నాలుగు కింద అయిదు అని వేసి ఖాళీగా ఉంది. శ్రీకారానికీ ఒకటో నంబరుకూ మధ్య కూడా రెండు వేళ్ళ మందం ఖాళీగా ఉంది.

నేను ఆ పైన రాశాను. నా పేరు, బాపు పేరు, ఊరు, కోరుట్ల, ఫోన్ నంబరు. అంతా ఒక్క వరుసలో, పెద్ద అక్షరాలతో. ఆలోచించి రాశానని చెప్పలేను. ఆలోచించి ఉంటే అయిదులో రాసేదాన్నేమో. ఆలోచించలేదు.

"రాసిన్రా మేడమ్?" అన్నాడు ఓనరు, ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి.

"రాసిన."

బయట మా ఆయన మిర్చి బజ్జీల పొట్లంతో నిలబడి ఉన్నారు.

"ఎన్నో నంబరు?"

"నంబరు లేదు. పైన రాసిన."

"పైననా?"

"పైన."

ఆయన నా ముఖంలోకి చూసి, ఏదో అనబోయి, బజ్జీ కొరికారు.

ఆ తర్వాత ఎదురుచూడడం. ఎదురుచూసినంత కాలం గదిని సిద్ధం చేశాను. దుమ్ము రాకుండా కిటికీకి జాలీ కొట్టించాను. ఆ మిషన్‌కు వేరే కరెంటు లైను ఉంటే మంచిదని ఎవరో అంటే వేరే లైను లాగించాను. వైర్లు బల్ల మీద నుంచి వేలాడకుండా, మధ్యలో రంధ్రం కొట్టి కిందికి దింపాలని మా ఆయన అన్నారు. వడ్రంగం చేసే వడ్లాయనను పిలిచాం. అతను బల్ల మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"అమ్మా, దీనికి బొక్క గొట్టుడా? ముసలి టేకు. గిసొంటిది ఇప్పుడు దొర్కది."

"కొట్టు."

"ఇంకోసారి సోంచాయించుండ్రి. కొట్టినంక నేను అతుకలేను."

"కొట్టమంటున్న గద."

మా తాత కాగితం పెట్టుకునే చోటుకు కొంచెం వెనకగా కొట్టాడు. పొట్టు ఎర్రగా రాలింది. గుండ్రంగా ఒక బిళ్ళ ఊడి వచ్చింది. అరచేతిలో సగం ఉంటుంది. దాన్ని కుట్టుసామాన్ల డబ్బాలో వేశాను. అది బల్లకు తగిలిన మొదటి దెబ్బ. నాకు ఏదో ఒకటి అనిపించాల్సింది. పొట్టు ఊడ్చి, వడ్లాయనకు చాయ్ పెట్టాను.

సిరిసిల్ల నుంచి వారానికోసారి ఆసామి ఫోన్ చేసేవాడు.

"వచ్చిందా దొరసాని?"

"వస్తది."

"ఎన్నో నంబరు మీది?"

"నాకు నంబరేంది?"

"అవు, మీకు నంబరేంది" అన్నాడు. తర్వాత ఆ దుకాణం జగిత్యాలలో ఎక్కడని అడిగాడు. చెప్పాను. ఎందుకని నేను అడగలేదు.

వానలు వెనకబట్టాక ఒక రోజు దుకాణం ఓనరు ఫోన్ చేశాడు.

"మేడమ్, మిషన్లు అచ్చినయ్. శుక్రవారం పొద్దుగాల మా షాపుల లాంచింగ్ పెట్టినం. పూజ ఉంది. మీరే వచ్చి మిషన్ మీద ముసుగు తియ్యాలె."

"నేనేనా?"

"మీరే మేడమ్. మీ అసొంటోళ్ళ చెయ్యి పడ్తె మాకు గూడ బర్కతు."

ఫోన్ పెట్టేసి మా ఆయనతో చెప్పాను, మొదటిది నాకేనని.

"గట్లని అన్నడా?"

"ముసుగు నన్నే తియ్యమన్నడు."

"ముసుగు తియ్యమన్నడా, మిషన్ తీస్కపొమ్మన్నడా?"

"రెండూ ఒకటే."

"ఒక్కసారి ఫోన్ కొట్టి అడుగుత. మనకొకటి పక్కకు పెట్టినవా అని. గంతే. నువ్వు మాట్లాడకు, నేనే అడుగుత."

"అడిగే అవసరం లేదు" అన్నాను. మా ఇంటికి రావలసింది దానంతట అదే వచ్చేది. ఇంకా వచ్చిందా లేదా అని అడగడం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. పెట్టె తెచ్చుకోవడానికి ఒక ట్రాలీ ఆటో మాత్రం మాట్లాడి పెట్టారు.

శుక్రవారం అమ్మ గద్వాల చీర కట్టుకున్నాను. దుకాణం ముందు శామియానా వేశారు. బెలూన్ల కమాను, తెల్ల గుడ్డలు తొడిగిన కుర్చీలు, మనిషి ఎత్తు ఫ్లెక్సీ మీద ఆ నల్ల పెట్టె బొమ్మ. మొదటి వరుసలో సోఫా మీద నన్ను కూర్చోబెట్టారు. మా ఆయనకు రెండో వరుసలో కుర్చీ దొరికింది. మా ట్రాలీ ఆటో రోడ్డుకు అవతల చెట్టు నీడలో ఉంది. డ్రైవరు అందులోనే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. వెనక వరుసలో సిరిసిల్ల ఆసామి కనిపించాడు. చూడడానికి వచ్చాడనుకున్నాను. లేచి దండం పెట్టాడు. తల ఊపాను.

వేములవాడ నుంచి వచ్చిన అయ్యగారు నిమ్మకాయ కోసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు మిషన్ మీద పడకుండా ఓనరు తన దస్తీ రుమాలు అడ్డం పెట్టాడు. నన్ను పిలిచారు. ఎర్ర గుడ్డ కొన పట్టుకుని లాగాను. ఫోన్లు లేచాయి. ఫోన్‌లో చూసిన పెట్టే అది. ఇక్కడ అనుకున్నదానికన్నా చిన్నగా ఉంది. స్విచ్ వేస్తే లోపల నీలం దీపం వెలిగింది. నాకు శాలువా కప్పారు. పూలగుత్తి ఇచ్చారు. ఓనరు మైకులో మా ముత్తాత పేరు చెప్పాడు. ఎవరిని అడిగి తెలుసుకున్నాడో తెలియదు. జనం చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు బుక్కుల పేర్లు రాసుకున్నోళ్ళకు మేడమ్ చేతుల మీదుగ మిషన్లు ఇస్తం" అన్నాడు మైకులో. "నంబరు ఒకటి."

ఫోటో స్టూడియో అతను వచ్చాడు. పెట్టెను ఇద్దరు మోసుకొచ్చారు. నేను దాని మీద చెయ్యి వేశాను, అతను చెయ్యి వేశాడు, ఫోటో తీశారు. నంబరు రెండు, ఇంజనీరు. ఆయన నాకు దండం పెట్టి, "మా నాన్న మీ బాపును ఎరుగుతడమ్మా" అన్నాడు. చెయ్యి వేశాను. నంబరు మూడు. ఆ మూడో పేరు పిలిచేటప్పుడు నాకు అర్థమైంది. పైన రాసిన మనిషిని వీళ్ళు ముసుగు తీసే మనిషిగా లెక్కపెట్టుకున్నారు. మూడో పెట్టె మీద చెయ్యి వేశాను. నాలుగు, అయిదు, ఆరు. వీపు నిటారుగానే ఉంది. అది చిన్నప్పటి నుంచి ఉన్నదే. దానికి నా ప్రయత్నం ఏమీ అక్కర్లేదు. పెట్టెల అట్ట చల్లగా, కొంచెం తడిగా తగిలినట్టు గుర్తు. ఇంకేమీ గుర్తు లేదు.

"నంబరు ఏడు. సిరిసిల్ల. లాస్ట్ పీసు."

ఆసామి వచ్చాడు. పెట్టెకు అటువైపు నిలబడి చెయ్యి వేయలేదు.

"దొరసాని, మీదేది?"

ఫోటో తీసే అతను ఇటు చూడమంటున్నాడు. ఆసామి ఓనరు వైపు తిరిగాడు.

"ఏమయ్య, అమ్మదేది? అమ్మ అందరికంటె ముందు రాసింది గద?"

ఓనరు మైకు కింద పెట్టి నోటుబుక్కు తెప్పించాడు. శ్రీకారం కింద నా వరుసను చూశాడు. చదివాడు. ముఖం వాడిపోయింది.

"మేడమ్... ఇది నంబరు మీద లేదు గద. పైన ఉంది. నేను ఫోన్ల ఉంటి. ఎవలో పెద్దోళ్ళు ఓపెనింగుకు అస్తమని రాసిపోయిన్రు అనుకున్న. మా ఇంటామె గూడ చూసి, గీమెనే పిలువుండ్రి, మంచి ఖాందాన్ అన్నది. మీకు గూడ మిషన్ గావాలెనా?"

"కావాలె."

"అయ్యో మేడమ్. ఒక్క మాట అడుగకపోతిరి. ఇంకో లాట్ మూడు నెలలకు అస్తది. గప్పుడు ఒకటో నంబరు మీదే, నా మాట."

మూడు నెలలంటే దసరా దాటిపోతుంది. అది ఆసామికీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన పెట్టెను రెండు చేతులతో నావైపు జరిపాడు.

"గిది మీరే తీస్కపోండ్రి. మీకు నంబరు లేదంటే నాకు ఎక్కడనో కొట్టింది. ఎందుకైన మంచిదని వచ్చి నేనొకటి రాపిచ్చిన. మీకోసమే. డబ్బ ఎక్కడుంటే ఏంది, నాకు బొమ్మ గావాలె గని."

మా ఆయన రెండో వరుసలో లేచి నిలబడి ఉన్నారు. ఆటో డ్రైవరు కాళ్ళు దించి ఇటే చూస్తున్నాడు. పుచ్చుకుంటే అయిపోయేది. పెట్టె రోడ్డు దాటి ఆటోలో ఎక్కేది. సాయంత్రానికి బల్ల మీద ఉండేది.

"నీ నంబరు, నీ పేరు. నువ్వే తీస్కపో" అన్నాను.

"దొరసాని, గట్లనకుండ్రి."

"ఒకరి వంతు మా ఇంట్ల తీసుకోరు."

ఆ మాట చాలా సాఫీగా వచ్చింది. నిజం కాదు. నంబర్లకు పైన రాసినన్ని రోజులూ మా ఇంట్లో తీసుకున్నది ఒకరి వంతే. ఇది అప్పుడు తట్టలేదు. తట్టినా అదే మాట అనేదాన్ని అనుకుంటాను. ఆసామి పెట్టె మీద చెయ్యి వేశాడు. నేను వేశాను. ఫోటో తీశారు.

ఆసామి బస్సులో వచ్చాడు, పెట్టె తీసుకుపోవడానికి ఏమీ తెచ్చుకోలేదు. మా ఆయనే వెళ్ళి మా ట్రాలీ ఆటో చూపించారు. కోరుట్లకు అని మాట్లాడుకున్న ఆటో సిరిసిల్లకు పోయింది. మేం బస్సు ఎక్కాం. శాలువా ఒళ్ళో పెట్టుకున్నాను. పూలగుత్తిని ఆయన పట్టుకున్నారు. బస్సు మేడిపల్లి దాటింది.

"గా మాట పెట్టె ఆటో ఎక్కినంక అంటె బాగుండు" అన్నారు ఆయన.

నేను కిటికీలోంచి చూస్తున్నాను. పసుపు చేలు ఆకులు విప్పుకుని ఉన్నాయి.

"హైదరాబాద్‌ల అడుగుదమా?"

"అక్కడ గూడ నంబర్లే ఉంటయి."

"ఉంటే రాద్దాం. ఈసారి నేను రాస్త. నాకు కింద రాసుడు అలవాటే, ఇల్లరికపోన్ని."

నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. హైదరాబాద్‌లో అడిగారు. అక్కడా మూడు నెలలే అన్నారు.

పాత కంప్యూటర్ మీదే తీగను ఏడు ముక్కలుగా గీశాను. ముక్కలు జోడించి పంపితే ఆసామి రెండు గజాలు నేయించి, ఆ గుడ్డ ముక్కను బస్సులో పంపాడు. అతుకు కనిపించింది. కొంగు దాటిన చోట తీగ ఒక పోగు పక్కకు జరిగి ఉంది. కొనేవాళ్ళకు కనిపించదు. నాకు కనిపిస్తుంది. ఆసామికి కనిపిస్తుంది.

దసరా మరుసటి రోజు ఆసామి జమ్మి ఆకు తీసుకుని కోరుట్లకు వచ్చాడు. నా చేతిలో పెట్టి, కాళ్ళకు మొక్కబోతే వద్దన్నాను. కుర్చీ వేస్తే దాని అంచున కూర్చున్నాడు. బల్ల వైపు, బల్ల మధ్య రంధ్రం వైపు చూశాడు.

"మిషన్ మీద దుమ్ము పడ్తాంది దొరసాని. తెరిచెటోళ్ళు లేరు."

"సూరత్‌కు పంపుతనంటివి."

"పంపుత. గని వాళ్ళు గీసేది వాళ్ళ తీగ. నాకు మీ తీగ గావాలె. మీరే అచ్చి కూసోండ్రి. అద్దాల రూము గట్టిపిచ్చిన. మగ్గాల చప్పుడు రాదు."

మా ఆయన చాయ్ గ్లాసులు తెచ్చి పెట్టి లోపలికి పోయారు. తలుపు పక్కనే నిలబడ్డారని తెలుసు.

"రోజూ రావాల్నా?"

"వారంల అయిదొద్దులు."

వస్తానని అన్నాను. అంత తొందరగా అంటానని ఆయన అనుకోలేదు. చాయ్ తాగడం మరచిపోయి లేచాడు.

అలా వెళ్ళడం మొదలుపెట్టాను. పొద్దున కోరుట్లలో బస్సు ఎక్కితే వేములవాడలో సగం ఖాళీ అవుతుంది. గుడికి పోయేవాళ్ళు దిగిపోతారు. అక్కడి నుంచి సిరిసిల్ల దాకా కూర్చోవడానికి ఎప్పుడూ చోటు ఉంటుంది. అద్దాల గదిలో చప్పుడు రాదని ఆయన అన్నది నిజం కాదు. వస్తుంది. నాలుగు రోజులకు వినబడడం మానేస్తుంది.

మొదటి రోజు తలుపు దగ్గర హాజరు పుస్తకం ఉంది. అందరూ సంతకాలు పెట్టి లోపలికి పోతున్నారు. ఒకటి నుంచి పది దాకా పేర్లు ఉన్నాయి. పదో పేరు కండెలు చుట్టే ఆమెది. ఆసామి పరుగున వచ్చి, పుస్తకం పైభాగాన ఉన్న ఖాళీ మీద వేలు పెట్టాడు.

"మీరు ఇక్కడ పెట్టుండ్రి దొరసాని."

నేను పది కింద పదకొండు అని వేసి, ఎదురుగా పేరు రాసి సంతకం పెట్టాను. కండెలు చుట్టే ఆమె పక్కనే నిలబడి చూస్తోంది. "నా కిందికే అచ్చిన్రు" అంది, సంతోషంగానే. దానికి పెద్ద అర్థం ఉందని నేను అనుకోను. పైన రాస్తే హాజరు పడదేమోనని అనుకున్నాను, అంతే.

ఆ మిషన్‌లో చీర మొత్తం ఒక్క ఫైలుగా తెరిచాను. తీగను కొంగు నుంచి కుచ్చిళ్ళ దాకా లాగాను. ఎక్కడా ఆగలేదు. ఆకులు కదపమన్నప్పుడే కదిలాయి. ఇన్ని నెలలు ఎదురుచూసింది దీనికే. తెర ముందు కూర్చుని, ఇప్పుడు నాకు సంతోషం కలగాలి అని ఒక నిమిషం ఆగాను. కలగలేదు. దుఃఖమూ కలగలేదు. తర్వాతి ఆకు గీశాను. మొదటి చీర మగ్గం దిగిన రోజు ఆసామి దాన్ని ఎండలో పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, అతుకు కోసం ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికాడు. దొరకలేదు. లేచి, "అమ్మయ్య" అన్నాడు.

మూడు నెలలకు జగిత్యాల దుకాణం ఓనరు ఫోన్ చేశాడు. "మేడమ్, రెండో లాట్ అచ్చింది. ఒకటో నంబరు మీదే. రాసి పెట్టిన" అన్నాడు. రెండో నంబరు వాళ్ళకు ఇవ్వమన్నాను. డిజైన్ గీసిన వెంటనే మగ్గం మీద చూసుకోవడం నాకు అప్పటికే అలవాటైంది. ఇంట్లో కూర్చుని గీస్తే అది కుదరదు. మా ఆయనకు చెప్పిన కారణం ఇదే. నాకు నేను చెప్పుకున్నదీ ఇదే.

ఇంట్లో ఆ గది ఖాళీగా ఉంది. మా ఆయన సాయంత్రాలు లెక్కల ట్యూషన్ చెబుదామనుకున్నారు. పిల్లలు కూర్చోవడానికి బల్ల అడ్డం. అదీ నేనే అన్నాను, ఆయన అనలేదు. మెట్‌పల్లి నుంచి పాత సామాను కొనేవాళ్ళు ఇద్దరు వచ్చారు. కిందా మీదా చూశారు, గోటితో గీకి చూశారు.

"టేకే. మంచిగుంది" అన్నాడు ఒకతను. "గీ బొక్కేందమ్మా?"

"వైర్లకు కొట్టిపిచ్చినం."

"ఏం వైర్లు?"

"కంప్యూటర్ వైర్లు."

అతను గదిలో నాలుగు పక్కలా చూశాడు. కంప్యూటర్ కనిపించలేదు. తెచ్చినప్పటిలాగే కిటికీ చట్రం విప్పి, బల్లను అడ్డంగా పట్టి బయటికి తీశారు.

కచేరీ బల్లను అమ్మేశాం. రంధ్రం మూయడానికి అందులోంచి వచ్చిన బిళ్ళ ఉందా అని వాళ్ళు అడిగితే, కుట్టుసామాన్ల డబ్బాలోంచి తీసి అది కూడా ఇచ్చేశాను.